శకుని మామ: తరచుగా అడిగే ప్రశ్నలు

మా అపార్ట్‌మెంట్‌లో శనివారం సాయంత్రాలు పిల్లలకీ పెద్దలకీ కలిపి భారతం చెప్తుంటాను. స్వయంవరం దాకా ప్రశ్నలన్నీ పిల్లలవే. జూదం దగ్గరికి రాగానే పెద్దలు మొదలుపెడతారు. వాళ్లు అడిగేవాటిలో సగం శకుని గురించే. నాలుగైదేళ్లుగా మళ్లీ మళ్లీ వినిపిస్తున్న ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి. వ్యాసుడు ఏం చెప్పాడో, తర్వాత జనం ఏం చేర్చుకున్నారో వీలైనంత విడదీసి చెప్పడానికి ప్రయత్నించాను.

శకుని ఎవరు?

గాంధార రాజు సుబలుడి కొడుకు, గాంధారికి తోడబుట్టినవాడు, దుర్యోధనుడికి మేనమామ. సుబలుడి కొడుకు కాబట్టి భారతంలో చాలాచోట్ల సౌబలుడు అని కనిపిస్తాడు. గాంధారం అంటే ఇప్పటి పాకిస్తాన్ వాయవ్య భాగం, దాన్ని ఆనుకుని ఉన్న అఫ్గానిస్తాన్ తూర్పు ప్రాంతం. తక్షశిల, పుష్కలావతి ఆ దేశపు పట్టణాలే. గుర్రాలకు పేరున్న సీమ. యుద్ధంలో కూడా శకుని వెంట గాంధార ఆశ్వికులే ఉంటారు.

ఆ పేరుకు అర్థం ఏమిటి? శకునానికీ దానికీ సంబంధం ఉందా?

ఉంది. సంస్కృతంలో శకుని అంటే పక్షి. పక్షి అరుపును బట్టి, అది ఎగిరిన దిక్కును బట్టి మంచిచెడులు చూసేవాళ్లు కాబట్టి శకునం అనే మాట వచ్చింది. పక్షులు కాపాడిన పిల్ల కాబట్టి శకుంతల అయింది. శకుని కొడుకు పేరు ఉలూకుడు, అంటే గుడ్లగూబ. కాబట్టి పేరులోనే చెడు ఉందనుకోనక్కర్లేదు. ఆ పేరుకు చెడు అంటుకున్నది సభాపర్వం తర్వాతే.

తండ్రి ఎముకలతో పాచికలు చేశాడన్నది నిజమేనా?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. వ్యాస భారతంలో ఆ కథ లేదు. నన్నయ, తిక్కన, ఎర్రన రాసిన మన ఆంధ్ర మహాభారతంలోనూ లేదు.

కథ మీకు తెలిసిందే. గాంధారి జాతకంలో దోషం ఉందని ముందు ఒక మేకకో చెట్టుకో ఇచ్చి పెళ్లి చేస్తారు. ఆ సంగతి తర్వాత బయటపడుతుంది. కోపంతో సుబలుణ్ణీ కొడుకులందరినీ చెరలో పెట్టి, మనిషికి ఒక్కో మెతుకు వేస్తారు. ఆ మెతుకులన్నీ కలిపి ఒక్కడికే పెట్టి బతికించుకుంటారు. ఆ ఒక్కడే శకుని. తండ్రి ఎముకలు అరగదీసి పాచికలు చేసుకుని, కౌరవ వంశాన్ని నాశనం చేస్తానని ఒట్టు పెట్టుకుంటాడు.

ఇది జనం నోట పుట్టి పెరిగిన కథ. 15వ శతాబ్దంలో సరళాదాసు రాసిన ఒడియా భారతంలో చెర, ఎముకల పాచికలు రెండూ ఉన్నాయి. మన తెలుగువాళ్ల మనసులో ఇది గట్టిగా నాటుకోవడానికి 1966లో వచ్చిన శ్రీకృష్ణ పాండవీయం ముఖ్య కారణం. అందులో ధూళిపాళ శకునిగా కనిపించాక, మనకు శకుని అంటే అదే ముఖం, అదే గొంతు. ఆ నటన మీద నాకు ఎంతో గౌరవం. చిన్నప్పుడు చెర సీను చూసి ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

మరి వ్యాసుడి ప్రకారం సుబలుడి కుటుంబానికి ఏమైంది?

ఏమీ కాలేదు. గాంధారికి నూరుగురు కొడుకులు పుట్టేలా శివుడి వరం ఉందని విని, భీష్ముడు సంబంధం అడగడానికి మనుషుల్ని పంపాడు. వరుడికి చూపు లేదని సుబలుడు ముందు వెనకాడాడు. వంశం, పేరు, నడవడి ఆలోచించి చివరికి సరేనన్నాడు. చెల్లెలిని వెంటబెట్టుకుని హస్తినాపురానికి వచ్చి, కానుకలతో సహా అప్పగించింది శకునే. భీష్ముడు మర్యాద చేసి పంపాడు, అతను తన ఊరికి తిరిగి వెళ్లిపోయాడు. ఆదిపర్వంలో ఈ ఘట్టం నాలుగు మాటల్లో అయిపోతుంది.

ఇంకో చోటు కూడా చూడండి. ధర్మరాజు రాజసూయానికి వచ్చినవాళ్ల జాబితాలో సుబలుడు ఉన్నాడు. శకుని ఉన్నాడు, అతని తమ్ముళ్లు అచలుడు, వృషకుడు ఉన్నారు. యాగం ముగిశాక ఒక్కో రాజును ఒక్కో పాండవుడు సాగనంపుతాడు. కొడుకుతో సహా సుబలుణ్ణి సాగనంపింది నకులుడు. చెరలో మెతుకు మెతుకు పంచుకుని చనిపోయాడనుకున్న మనిషి ఇంద్రప్రస్థంలో విందు తిని, నకులుణ్ణి పక్కన పెట్టుకుని ఇంటిదారి పట్టాడన్నమాట. ఈ మాట చెప్పిన ప్రతిసారీ మా శనివారం సభలో ఒక్క నిమిషం నిశ్శబ్దం అవుతుంది.

అంటే శకునికి పగ లేదా? మరి ఎందుకు చేశాడు?

కౌరవుల మీద పగ ఉన్నట్టు వ్యాసుడు ఎక్కడా చెప్పలేదు. పగే ఉంటే అతని తమ్ముళ్లు దుర్యోధనుడి కోసం ఎందుకు చనిపోతారు? ఎనిమిదో రోజు యుద్ధంలో అర్జునుడి కొడుకు ఇరావంతుడి చేతిలో కొందరు పోయారు. పన్నెండో రోజు అచలుడు, వృషకుడు ఒకే రథం మీద నిలబడి అర్జునుడి ఒక్క బాణానికి పడిపోయారు. చివరి రోజున సొంత కొడుకు పోయాడు. కౌరవుల్ని ముంచడానికి వచ్చినవాడైతే తన ఇంటిని మొత్తం ఆ మంటలో వెయ్యడు.

నాకు అర్థమైనంతలో అతన్ని నడిపింది ప్రేమ. మేనల్లుడు ఏడుస్తుంటే చూడలేకపోయాడు. రాజసూయం నుంచి తిరిగి వస్తూ దుర్యోధనుడు పాండవుల సంపద తలుచుకుని కుమిలిపోతాడు, విషం తాగి చస్తానంటాడు. శకుని మొదట చెప్పింది మంచి మాటే: వాళ్లను చూసి అసూయ పడకు, వాళ్ల భాగ్యం వాళ్లు అనుభవిస్తున్నారు, నీకూ తమ్ముళ్లు ఉన్నారు, ద్రోణుడు, కర్ణుడు, నేను ఉన్నాం అని. అల్లుడు వినలేదు. అప్పుడు, యుద్ధంలో వాళ్లను గెలవలేం కానీ ధర్మరాజుకు జూదమంటే ఇష్టం, ఆడటం రాదు, పిలిపించు అన్నాడు.

ఇది నాకు ఎముకల పాచికల కథ కంటే ఎక్కువ భయం వేస్తుంది. పగబట్టినవాణ్ణి దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. మన పిల్లాడు బాధపడుతున్నాడని తప్పుడు దారి చూపించే పెద్దవాడు మాత్రం భోజనాల దగ్గర మన పక్కనే కూర్చుంటాడు.

పాచికల ఆట అసలు ఎలా ఉండేది?

బొమ్మల్లో పొడవాటి, నాలుగు పలకల పాచికలు కనిపిస్తాయి. పాతకాలపు అక్షాలు వేరు. వేదకాలం నుంచి జూదానికి వాడినవి విభీతక కాయలు, అంటే తానికాయలు. కరక్కాయ, ఉసిరికాయలతో కలిపి త్రిఫల చూర్ణంలో వేసే తానికాయే. ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి ఏడుపు ఉంది, అందులో దొర్లే కాయలు ఇవే.

ఒకసారి మూలికల కొట్టులో పావుకిలో తానికాయలు కొని తెచ్చాను. బూడిదరంగు, పైన మెత్తటి నూగు, వేలితో తిప్పితే సన్నటి గీతలు తగులుతాయి. గుండ్రంగా ఉండీ లేనట్టుంటాయి, చాప మీద పోస్తే సూటిగా దొర్లవు. గుప్పెట్లోకి తీసుకుని వేసి, నాలుగేసి చొప్పున పక్కకు లాగాలి. ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండు మిగిలితే ద్వాపరం, ఒకటి మిగిలితే కలి. ఆ ఆటకు పండితులు ఇచ్చే వివరణల్లో ముఖ్యమైనది ఇదే. మనం యుగాల పేర్లనుకునేవి పందెంలో పడే లెక్కల పేర్లు కూడా.

మా పక్కింటి పదేళ్ల పిల్ల రెండు గంటల్లో చెయ్యి తిరిగిపోయింది. గుప్పెట తెరవకముందే ఎన్ని ఉన్నాయో చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు నాకు నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు గుర్తొచ్చాడు. రథం మీద పోతూ తాని చెట్టును చూసి, దాని ఆకులు, కాయలు ఎన్నో లెక్క చెప్పేస్తాడు. ఆ విద్య పేరు అక్షహృదయం. జూదంలో నేర్పంటే చూపుకే లెక్క అందడం.

శకుని ద్వాపరుడి అంశ అంటారు, ఏమిటది?

ఆదిపర్వంలో ఎవరు ఎవరి అంశతో పుట్టారో చెప్పే చోట దుర్యోధనుడు కలి అంశ అనీ, శకుని ద్వాపరుడి అంశ అనీ ఉంది. ఇప్పుడు నలుడి కథ పక్కన పెట్టి చూడండి. నలుణ్ణి నాశనం చెయ్యాలని కలి బయల్దేరి, ద్వాపరుణ్ణి పిలిచి "నువ్వు పాచికల్లో దూరి నాకు సాయం చెయ్యి" అంటాడు. కలి మనిషిలో దూరతాడు, ద్వాపరుడు పాచికల్లో దూరతాడు. హస్తినాపురంలో జరిగింది అచ్చంగా అదే. కోరిక దుర్యోధనుడిది, పాచికలు శకునివి. వనవాసంలో బృహదశ్వ మహర్షి ధర్మరాజుకు ఈ కథ చెప్పి, చివర అక్షహృదయం కూడా నేర్పుతాడు. ఆ విద్యతోనే ధర్మరాజు విరాటుడి కొలువులో కంకుభట్టుగా కుదురుకున్నాడు. నలోపాఖ్యానం మధ్యలో వచ్చిన పిట్టకథ అని దాటేసేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

శకుని మోసం చేశాడా, నేర్పుతో గెలిచాడా?

రెండూ. ప్రతి పందెం దగ్గరా కపటాన్ని ఆశ్రయించి గెలిచాడని వ్యాసుడు చెబుతూనే ఉంటాడు. ఆ కపటం చేతిలో ఎలా జరిగిందో మాత్రం వివరించడు. ధర్మరాజు పందెం చెప్పడం, శకుని పాచికలు వెయ్యడం, "గెలిచాను" అనడం. ఆ ఒక్క మాటే సభ అంతా దెబ్బ మీద దెబ్బగా వినిపిస్తుంది.

ఇంకో తప్పు ఆట మొదట్లోనే జరిగింది. పందెం సొమ్ము నాది, ఆడేది మా మామ అన్నాడు దుర్యోధనుడు. ఒకరి తరఫున ఇంకొకరు ఆడటం సరికాదని ధర్మరాజు అన్నాడు కూడా. అని, కూర్చున్నాడు.

ధర్మరాజు మధ్యలో ఎందుకు లేవలేదు?

పిలిస్తే వెనక్కి తగ్గనని నియమం పెట్టుకున్నాడు. అది ఒక కారణం. కానీ వనపర్వంలో భీముడు నిలదీసినప్పుడు అతనే ఇంకో నిజం ఒప్పుకుంటాడు: దుర్యోధనుడి రాజ్యం లాక్కుందామనే నేను పాచికలు పట్టాను అని. ఆ నిజాయతీ కోసమే నాకు ధర్మరాజంటే గౌరవం పెరిగింది. పండగ రాత్రి పేకాటలో "ఈ ఒక్క ఆట, పోయింది రాబట్టుకుని లేస్తా" అన్నవాళ్లను చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

శకునికి ఆ బలహీనత బాగా తెలుసు. నకులసహదేవులు పోయాక, మాద్రి కొడుకుల్ని ఒడ్డావు, భీమార్జునులు నీకు వీళ్లకంటే ఎక్కువా అని గుచ్చాడు. అంతే, వాళ్లూ పందెంలోకి వచ్చారు. ధర్మరాజు తనను తాను ఓడిపోయాక, ఇంకా సొత్తు మిగిలి ఉండగా నిన్ను నువ్వు ఓడిపోవడం పాపం, ద్రౌపది ఉంది కదా, ఆమెను ఒడ్డి నిన్ను విడిపించుకో అన్నదీ శకునే.

ద్రౌపది అవమానంలో శకుని వాటా ఎంత?

పందెంలో ఆమె పేరెత్తింది అతనే. దుశ్శాసనుడు ఆమెను ఈడుస్తూ దాసీ అంటుంటే కర్ణుడు గట్టిగా నవ్వి మెచ్చుకున్నాడు, శకుని కూడా దుశ్శాసనుణ్ణి అభినందించాడు. పగ కథ నిజం కాదని నేను చెప్పేది శకుని మీద జాలి పడమని కాదు. ఆ సభలో అతను చేసినదానికి నా దగ్గర ఏ సర్దుబాటూ లేదు.

అలాగని నేరమంతా అతని నెత్తిన రుద్దితే మిగతావాళ్లు తప్పించుకుంటారు. ద్రౌపదిని ఒడ్డినప్పుడు విదురుడు తల పట్టుకుని కూర్చున్నాడు. ధృతరాష్ట్రుడు మాత్రం ఆత్రం ఆపుకోలేక "గెలిచామా? గెలిచామా?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. ఆట ఆపగల మనిషి అతనొక్కడే.

శకుని కుంటివాడా?

వ్యాసుడు అలా చెప్పలేదు. పద్దెనిమిది రోజులు రథం మీదా గుర్రం మీదా పోరాడినవాడు. 1988లో మొదలైన దూరదర్శన్ మహాభారతంలో గూఫీ పెయింటల్ కుంటుతూ నడిచిన తీరు దేశమంతా గుర్తుండిపోయింది. చెర కథలో తండ్రి అతని కాలు విరగ్గొట్టి, అడుగు వేసిన ప్రతిసారీ మా పగ గుర్తుండాలన్నాడని చెప్తారు. ఆ నడక అక్కడిదే.

శకుని ఒక్కసారైనా మంచి సలహా ఇచ్చాడా?

ఇచ్చాడు, చాలామందికి తెలియని ఘట్టం ఇది. ఘోషయాత్రలో, అంటే ఆలమందల్ని చూసే నెపంతో అడవికి వెళ్లినప్పుడు, గంధర్వులు దుర్యోధనుణ్ణి కట్టి తీసుకుపోతుంటే పాండవులే విడిపిస్తారు. ఆ సిగ్గుతో అతను అన్నం నీళ్లు మానేసి చావడానికి కూర్చుంటాడు. అప్పుడు శకుని, వాళ్లు నీకు మేలు చేస్తే సంతోషించాల్సింది పోయి ఏడుస్తావేం, వాళ్ల రాజ్యం వాళ్లకిచ్చేసి అన్నదమ్ముల్లా కలిసి ఉండు, ధర్మం, కీర్తి రెండూ దక్కుతాయి అంటాడు. తెలుగులో ఇది ఎర్రన పూరించిన అరణ్యపర్వ భాగంలో ఉంటుంది. పగ తీర్చుకోవడానికి వచ్చినవాడు రాజీ చేసుకోమని ఎందుకంటాడు? అల్లుడు బతికితే చాలనుకున్న మామ అంటాడు.

దుర్యోధనుడు వినలేదు. అప్పటికే శకుని నేర్పిన మొదటి పాఠం అతనికి బాగా వంటబట్టింది.

మన ఇళ్లలో "శకుని మామ" అని ఎందుకు తిడతారు?

మనకు మేనమామ అంటే చిన్న వరస కాదు. చెవులు కుట్టేటప్పుడు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామ. పెళ్లిలో గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. అంత నమ్మకం పెట్టుకున్న చోటు నుంచి చెడు వచ్చింది కాబట్టే ఆ తిట్టు అంత ఘాటుగా ఉంటుంది. "వాడి పాచిక పారింది", "ఈసారి పాచిక పారలేదు" అని రోజూ అంటుంటాం, అవీ జూదం మాటలే. మాయాబజార్‌లో సీఎస్ఆర్ నవ్వుతూ చూపించిన శకుని కూడా ఈ తిట్టుకు కొంత పదును పెట్టాడు.

భారతంలో మేనమామల వరస చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అభిమన్యుడికి మేనమామ కృష్ణుడు. నకులసహదేవుల మేనమామ శల్యుడు అవతలి పక్షాన పోరాడి చనిపోయాడు. అల్లుణ్ణి చివరిదాకా వదలకుండా వెంట ఉన్న మామ శకుని.

శకుని ఎలా చనిపోయాడు?

రెండో జూదం అయిపోయి పాండవులు అడవికి బయల్దేరేటప్పుడు సహదేవుడు అతనితో అన్నాడు: నువ్వు పాచికలనుకుంటున్నవి పాచికలు కావు, వాడి బాణాలు అని. యుద్ధానికి ముందు ఉలూకుడు దుర్యోధనుడి నిందలు మోసుకుని రాయబారిగా వస్తే, ముందు మీ నాన్న కళ్లెదుట నిన్ను, తర్వాత ఆయన్ను చంపుతానని అదే సహదేవుడు చెప్పి పంపాడు.

పద్దెనిమిదో రోజు అలాగే జరిగింది. కొడుకు తల తెగి పడటం శకుని చూశాడు. గొంతులో కన్నీళ్లు అడ్డుపడ్డాయి, నిట్టూర్చాడు, విదురుడు చెప్పిన మాటలు గుర్తుచేసుకున్నాడు. శల్యపర్వంలో వ్యాసుడు ఆ ఒక్క క్షణం ఆగుతాడు. తర్వాత శకుని కత్తి విసిరాడు, గద విసిరాడు, శక్తి విసిరాడు, అన్నీ వమ్మయ్యాయి. పారిపోతుంటే సహదేవుడు తరుముకుంటూ, సభలో పాచికలు వేస్తూ ఎంత సంతోషించావో గుర్తు తెచ్చుకో అంటూ ముందు చేతులు, తర్వాత తల నరికాడు. పాచికలు వేసిన చేతులు ముందు పడ్డాయి.

శకునికి గుడి ఉందంటారు, నిజమేనా?

నిజమే. కేరళ కొల్లం జిల్లాలో పవిత్రేశ్వరం దగ్గర మలనడ అనే గుడి ఉంది. శకుని అక్కడ శివుణ్ణి ధ్యానించి మోక్షం పొందాడని స్థానికుల నమ్మకం. కల్లు, కొబ్బరికాయలు, పట్టుబట్టలు సమర్పిస్తారు. అదే జిల్లాలో పోరువళి దగ్గర దుర్యోధనుడికీ మలనడ ఉంది. అక్కడివాళ్ల భక్తిని తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం ఉండదు.

చనిపోయాక ఏమయ్యాడు?

స్వర్గారోహణ పర్వంలో శకుని ద్వాపరుడిలో కలిసిపోయాడని ఒక్క మాట ఉంది. అంతకుముందు, ఆశ్రమవాస పర్వంలో ఇంకోసారి కనిపిస్తాడు. గాంధారి కోరిక మీద వ్యాసుడు ఒక రాత్రి యుద్ధంలో పోయినవాళ్లందరినీ గంగలోంచి పైకి రప్పిస్తాడు. ఎవరికీ ఎవరి మీదా కోపం లేదు. దుర్యోధనుడు, కర్ణుడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు వచ్చారు, వాళ్లతో శకుని కూడా వచ్చాడు. గాంధారికి ఆ రాత్రి దివ్యదృష్టి ఉంది. తనను చెయ్యి పట్టుకుని హస్తినాపురానికి తెచ్చిన తోడబుట్టినవాణ్ణి, కళ్లకు గంతలు కట్టుకున్న ఇన్నేళ్ల తర్వాత, ఆమె ఆ ఒడ్డున చూసి ఉంటుంది. తెల్లవారుతుండగా వచ్చినవాళ్లంతా మళ్లీ నీళ్లలోకి దిగిపోయారు.